ఎర్ర లివర్ కోసమే: త్రాటిల్ క్వాడ్రంట్ చాలాకాలం వాడాక నా మాట

కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్‌కి విడిగా దొరికే త్రాటిల్ క్వాడ్రంట్, అంటే ఇంజిన్‌ని అదుపుచేసే లివర్ల పెట్టె ఇది. వైరు పొడుగెంత, ఏ కంప్యూటర్‌కి సరిపోతుంది లాంటివి అమ్మేవాళ్ళ పేజీలోనే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఎర్ర లివర్ గురించి. ఇంజిన్‌లోకి వెళ్ళే ఇంధనం, గాలి పాళ్ళను మార్చే మిక్స్చర్ లివర్ అది. నల్లది ఇంజిన్ పవర్‌ని పెంచే, తగ్గించే త్రాటిల్. నీలం లివర్‌తో నాకు పనిలేదు, ఎందుకంటే నేను నడిపే సెస్నా 172ఎస్ అనే చిన్న విమానంలో ప్రొపెల్లర్ రెక్కల కోణం మారదు.

నాకిష్టమైన దారి రేణిగుంట నుంచి గన్నవరం, దాదాపు 190 నాటికల్ మైళ్ళు. కుడిపక్కన నెల్లూరు, కింద పెన్న, ఇంకాసేపటికి ఎడమచేతి వైపు మా కొత్తపట్నం తీరం. ఎనిమిది వేల అడుగుల మీద గాలి పలచన. అక్కడ ఎర్ర లివర్ పూర్తిగా ముందుకే ఉంచితే ఇంధనం వృథాగా పోతుంది. మెల్లగా వెనక్కి లాగుతుంటే పొగగొట్టం ఉష్ణోగ్రత పెరుగుతుంది, గంటకు ఎన్ని గాలన్లు అన్న అంకె దిగుతుంది, వేగం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కీబోర్డుతో ఇది మెట్లు మెట్లుగా జరిగేది, సరైన చోటు ఎప్పుడూ దాటిపోయేది. లివర్‌తో వెంట్రుకవాసి కదపొచ్చు. మొదటిసారి ఆ అంకె దిగడం చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

మిక్స్చర్ కుదిరాకే వేగం సంగతి. నెమ్మదిగా పోతే తక్కువ ఖర్చు అనుకుంటాం గానీ, మరీ నెమ్మదిస్తే విమానాన్ని పైన నిలబెట్టడానికే ఇంజిన్ కష్టపడాలి. వేగం పెంచితే గాలి అడ్డుపడుతుంది. ఈ రెండూ కలిసి అతి తక్కువగా ఉండే వేగం, ఇంజిన్ ఆగినప్పుడు ఎక్కువ దూరం జారే వేగం, రెండూ ఒకటే. 172ఎస్‌కి నిండు బరువుతో అది 68 నాట్లు, అంటే గంటకు 68 నాటికల్ మైళ్ళు. ఇంధనం మాత్రమే చూసుకుంటే అదే మంచి వేగం, కానీ ప్రయాణం సాగి సాగి ప్రాణం విసుగెత్తుతుంది. కార్సన్ అనే ఆయన చెప్పిన లెక్క ప్రకారం దానికి 1.32 రెట్లు, అంటే 90 నాట్లు పట్టుకుంటే వేగం 32 శాతం పెరుగుతుంది, గాలి నిరోధం దాదాపు 15 శాతమే పెరుగుతుంది. బరువు తగ్గేకొద్దీ ఈ అంకెలూ తగ్గుతాయి. 2,550 పౌన్ల నుంచి 2,100కి వస్తే 68 కాస్తా 62 అవుతుంది.

ఆగకుండా ఎంత దూరం పోవచ్చో విమానం పుస్తకంలో ఉంది: 75 శాతం పవర్‌తో 518 నాటికల్ మైళ్ళు, 4.26 గంటలు. 45 శాతంతో 638 మైళ్ళు, 6.72 గంటలు. అంటే 120 మైళ్ళు లాభం. కానీ 20 నాట్ల ఎదురుగాలి పెట్టి లెక్క కడితే ఆ లాభం 70 మైళ్ళకు పడిపోతుంది, ఎందుకంటే నెమ్మదిగా పోయేవాడు ఆ గాలిని ఎక్కువసేపు భరించాలి. ఎదురుగాలిలో కాస్త వేగం పెంచాలన్నది నాకు ఇలా చేత్తో చేసి చూశాకే ఒంటబట్టింది.

ఇంత చెప్పాక, ఈ క్వాడ్రంట్ పెట్టిన బాధ కూడా చెప్పాలి. ఒక వానాకాలం, తక్కువ పవర్‌లో స్థిరంగా పోతుంటే గాలన్ల అంకె ఉన్నట్టుండి ఎగిరెగిరి పడటం మొదలైంది. ఇంజిన్ దగ్గింది. నేను లివర్ ముట్టుకోలేదు. సిమ్యులేటర్ అప్‌డేట్ వల్లేమో అని అంతా తీసేసి మళ్ళీ ఎక్కించాను. మార్పు లేదు. చివరికి లివర్ల కదలికను గీతలుగా చూపించే కాలిబ్రేషన్ తెర తెరిస్తే, చెయ్యి తీసేసినా ఎర్ర లివర్ గీత వణుకుతోంది! కంపెనీకి రాస్తే వారంటీ అయిపోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. చాలా కోపం వచ్చింది. బాగుచెయ్యొచ్చన్న ఒక్క మాటైనా చెప్పొచ్చు కదా.

ఒంగోల్లో టీవీలు, స్టీరియోలు బాగుచేసే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. మూత విప్పి చూసి, "పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది చూశావా, అదే ఇది. ఉప్పుగాలి అబ్బాయ్. మీ ఊళ్ళో ఫ్యాన్లే తుప్పు పడతాయి, దీనిదెంత?" అన్నారు. లోపలి కరెంటు భాగాలను శుభ్రం చేసే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, లివర్‌ని అటూ ఇటూ చాలాసార్లు ఆడించారు. వణుకు పోయింది. డబ్బులు తీసుకోవడానికి కూడా మొహమాటపడ్డారు. ఆ తర్వాత వానాకాలంలో మళ్ళీ కొంచెం వచ్చింది గానీ, ఇప్పుడు స్ప్రే డబ్బా నా దగ్గరే ఉంది.

కొన్న కొత్తలో లివర్లు వెన్నలా కదులుతున్నాయని స్నేహితులకు చెప్పాను. ఇప్పుడవి వదులయ్యాయి. నల్లది బల్ల కదిలితే జరుగుతోంది. 90 నాట్లు పట్టి ఉంచాలంటే వేలు ఆనించుకునే ఉండాలి.

పెద్ద జెట్లు నడిపేవాళ్ళకు ఎర్ర లివర్ పనికిరాదు. నాలాగా ఒకే చిన్న విమానాన్ని సాయంత్రాలు తీరిగ్గా నడుపుతూ ప్రతి గాలన్‌కీ ఎన్ని మైళ్ళో చూసుకునేవాళ్ళకైతే కొనమనే అంటాను. శిక్షణకు వెళ్ళబోయేవాళ్ళు మాత్రం అసలు విమానంలో మిక్స్చర్ విషయం పుస్తకం, ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్టే చెయ్యాలి. సముద్రానికి దూరంగా, ఏసీ గదిలో పెట్టుకునేవాళ్ళకు నాకొచ్చిన తిప్పలు రాకపోవచ్చు. మా ఊరివాళ్ళైతే గుడ్డ కప్పి ఉంచండి, కొనేముందు విడిభాగాలు దొరుకుతాయో లేదో అడగండి.