బండబర్గ్ వర్కింగ్ హాస్టళ్లు: అద్దె ఖాయం, పని ఖాయం కాదు

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా, అంటే సబ్‌క్లాస్ 462, మన దేశం వాళ్లకు 2024లో తెరుచుకుంది. ఏడాదికి 1,000 మందికే ఇస్తారు. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, 25 ఆస్ట్రేలియా డాలర్లు కట్టి లాటరీలో పేరు వేసుకోవాలి. తగిలినవాళ్లు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో దిగి, కొన్నాళ్లు కేఫుల్లో గిన్నెలు కడిగి, రెండో ఏడాది వీసాకు కావాల్సిన 88 రోజుల పొలం పని కోసం ఊళ్ల బాట పడతారు. ఆ బాటలో తరచూ వినిపించే ఊరు క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్. అక్కడ మంచంతో పాటు పని కూడా చూపిస్తామనే వర్కింగ్ హాస్టళ్లు ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ రివ్యూ. ఏ ఒక్క హాస్టల్ గురించో కాదు, ఆ పద్ధతి గురించి.

పద్ధతి ఇదీ. ఆరేడుగురు ఉండే డార్మ్‌లో మంచానికి వారానికి సుమారు 200 నుంచి 280 డాలర్లు ముందే కట్టించుకుంటారు. తాళానికీ గదికీ డిపాజిట్లు వేరు. పొలానికి తీసుకెళ్లే వ్యాను కొన్నిచోట్ల అద్దెలోనే కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల రోజుకు ఇంత అని విడిగా పడుతుంది. రైతులు గానీ కూలీల కాంట్రాక్టర్లు గానీ రేపటికి ఎంతమంది కావాలో రిసెప్షన్‌కు చెబుతారు. సాయంత్రం లిస్టు అంటిస్తారు. అందులో మీ పేరుంటే తెల్లారకముందే వ్యాను ఎక్కాలి, లేకపోతే ఆ రోజుకు ఖాళీ. మన ఊళ్లలో కూలీల అడ్డా ఎలాగో ఇదీ అలాగే, కాకపోతే ఇక్కడ అడ్డాలో నిలబడటానికి కూడా అద్దె కడుతున్నాం.

లెక్క వేసి చూడండి. 2025 జులై నుంచి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. క్యాజువల్ పనికి, అంటే అవసరమైన రోజు మాత్రమే పిలిచే పనికి, 25 శాతం అదనం కాబట్టి 31 డాలర్లు దాటుతుంది, లెక్క సులువుకు 30 అనుకుందాం. వారానికి 38 గంటలు దొరికితే 1,140. ఈ వీసా మీద మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను, అంటే 171 పోయి 969 చేతికొస్తుంది. అద్దె 250 తీసేసినా బాగానే మిగులుతుంది. అదే వారంలో వాన పడి 12 గంటలే దొరికితే? 360లో పన్ను 54, అద్దె 250 పోను మిగిలేది 56 డాలర్లు. తిండి అందులోంచే. ఇలాంటి వారాలు వరసగా మూడు వస్తే చేతి చమురు వదలడమే. కాబట్టి ఈ సేవను అద్దెతోనో మంచంతోనో కాదు, అక్కడ వారానికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయన్న దానితోనే తూచాలి.

గంటలు పంటను బట్టి ఉంటాయి. బండబర్గ్ ప్రాంతం చిలగడదుంపకు పెట్టింది పేరు. ఆ పని ఏడాదంతా ఉంటుంది: తీగ ముక్కలు నాటడం, యంత్రం మీద నిలబడి దుంపలు ఏరడం, షెడ్డులో కడిగి ప్యాక్ చేయడం. నిలకడగా డబ్బు రావాలంటే షెడ్డు పని అడగండి, ఎండ ఉండదు, గంటలూ ఎక్కువే. స్ట్రాబెర్రీ కోత చలికాలం పని, అంటే అక్కడి జూన్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా. రోజంతా వంగే ఉండాలి, మొదటి వారం నడుము పట్టేస్తుంది. జుకినీ అనే దోసలాంటి కూర మొక్క ఆకులకు సన్నని నూగు ఉంటుంది, చేతులు కప్పుకోకపోతే దద్దుర్లు ఖాయం. అది రాత్రికి రాత్రే పెరిగిపోతుంది కాబట్టి ఆదివారమని మానడానికి వీల్లేదు. టమాటా, క్యాప్సికం కోతకు కూలి బకెట్ల లెక్కన ఉండొచ్చు. వేసవిలో, జనవరి నుంచి మార్చి దాకా వానలు, ఉక్క, పనులు తగ్గుతాయి. ఆ నెలల్లో ముందుగా నాలుగు వారాల అద్దె కట్టమంటే వద్దనండి.

బకెట్ల లెక్క అనగానే చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. 2022 ఏప్రిల్ 28 నుంచి హార్టికల్చర్ అవార్డు, అంటే తోటపనుల కూలి నిబంధనల కింద, పీస్‌రేటు మీద (కోసినదాన్ని బట్టి కూలి) పనిచేసేవాళ్లకు కూడా గంటల లెక్కన కనీస కూలి ఇవ్వాల్సిందే. ఎంత కోసినా, ఎంత తక్కువ కోసినా ఆ రోజు పనిచేసిన గంటలకు కనీసం ఆ మొత్తం రావాలి. బకెట్‌కు ఎంతో పని మొదలుకాకముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, మీరు చేసిన గంటలూ యజమాని రాసిపెట్టాలి. "నువ్వు నెమ్మది, అందుకే తక్కువ" అన్న మాట ఇప్పుడు చెల్లదు. మొదలుపెట్టిన టైమూ ముగించిన టైమూ రోజూ ఫోన్‌లో మీరూ రాసుకోండి.

డబ్బు కట్టేముందు రిసెప్షన్‌ను అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: ఈ రోజు పని లేకుండా ఎంతమంది ఉన్నారు, లిస్టులో పేరు ఏ వరసన వేస్తారు, జీతం రైతు ఇస్తాడా కాంట్రాక్టరా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే, సాయంత్రం పొలం నుంచి తిరిగొచ్చినవాళ్లను వంటగదిలో అడగండి. వాళ్లు చెప్పే గంటలే నిజం. జీతం ఇచ్చేది కాంట్రాక్టరైతే క్వీన్స్‌లాండ్‌లో అతనికి లేబర్ హైర్ లైసెన్సు ఉండాలి. ఆ రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు అందులో లేకపోతే అక్కడితో మాట ఆపేయండి. "ఏబీఎన్ (సొంత వ్యాపారం చేసేవాళ్ల నంబరు) తీసుకో, క్యాష్ ఇస్తా" అన్నా అంతే. మీకు కావాల్సింది టీఎఫ్ఎన్, అంటే పన్ను నంబరు, దాన్ని పన్నుల శాఖ ఉచితంగానే ఇస్తుంది.

గది చూసేటప్పుడు బయటికి దారులు రెండున్నాయా, మంచాలు తలుపులకు అడ్డంగా ఉన్నాయా, కిటికీలు తెరుచుకుంటాయా, పొగ అలారం ఉందా చూడండి. ఇది చాదస్తం కాదు. బండబర్గ్‌కు దగ్గర్లోని చిల్డర్స్‌లో 2000 జూన్ 23న బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ తగలబడి 15 మంది చనిపోయారు. వాళ్లు కూడా పొలం పనుల కోసం వచ్చిన పిల్లలే.

88 రోజుల లెక్కలో జనం ఎక్కువగా బోల్తాపడేది క్యాజువల్ రోజుల దగ్గర. ఆ పరిశ్రమలో మామూలుగా పూర్తి రోజు అనుకునే షిఫ్టు చేస్తేనే ఒక రోజు. రెండు గంటలు కోసి వానకు వెనక్కొస్తే అది రోజు కాదు. అందుకే క్యాలెండర్‌లో మూడు నెలలు అనుకున్నది చాలామందికి నాలుగైదు నెలలవుతుంది. కూలి లేకుండా తిండికీ బసకూ చేసే వాలంటీరు పని అసలు లెక్కలోకి రాదు. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. మీరు చేసిన పనిని ధ్రువీకరించే 1464 ఫారం మీద యజమాని సంతకం పొలం వదిలే రోజే తీసుకోండి, ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

నా రేటింగ్ ఐదుకు రెండున్నర. కారు లేనివాళ్లకు, ఊళ్లో ఎవరూ తెలియనివాళ్లకు మొదటి రెండు వారాలకు ఇంతకంటే సులువైన దారి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పాత కారు కొనుక్కోగలిగితే మాత్రం హాస్టల్ వదిలేయండి. ప్రభుత్వం నడిపే హార్వెస్ట్ ట్రెయిల్ సర్వీసుకు 1800 062 332లో ఫోన్ చేస్తే ఏ ఊళ్లో ఏ పంట కోతకొచ్చిందో ఉచితంగా చెబుతారు. కూలి విషయంలో తేడా వస్తే కార్మికుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ నంబరు 13 13 94. ఇంగ్లీషులో వాదించడం కష్టమనిపిస్తే ముందు ప్రభుత్వ దుబాసీ సేవ 131 450కు చేసి, దుబాసీని పెట్టుకుని మాట్లాడించమని అడగండి.