స్టార్ అనలైజర్ 100 కొనొచ్చా?

టెలిస్కోప్ కొని చంద్రుడు, శని వలయాలు అన్నీ చూసేశాం, ఇంకేంటి అనేవాళ్ళకి నేనైతే ముందు దీని పేరే చెప్తా. ఇంగ్లండ్‌లో పేటన్ హాక్స్‌లీ వాళ్ళ తయారీ, చూడ్డానికి మామూలు 1.25 అంగుళాల ఫిల్టర్ లాగే ఉంటుంది, కాకపోతే గ్లాసు మీద మిల్లీమీటర్‌కి 100 గీతలుంటాయి, టెలిస్కోప్‌కి తగిలించే కెమెరా ముక్కుకి బిగిస్తే చాలు నక్షత్రం వెలుగుని రంగుల పట్టీగా పరిచేస్తుంది, బ్యాటరీ లేదు వైరు లేదు.

అభిజిత్ మీద, అదే వేగా మీద పెట్టండి. ఒక పక్కన చుక్క, దానికి దూరంగా రంగుల పట్టీ, అందులో నీలం ఆకుపచ్చలోకి మారే చోట నల్లటి గీత ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది, 486 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర హైడ్రోజన్ మింగేసిన వెలుగు అది. చలికాలంలో ఆర్ద్రకి తిప్పితే ఆ గీత దాదాపు ఉండదు, ఎరుపు వైపంతా మెట్లు మెట్లుగా తెగిపోయి ఉంటుంది, నక్షత్రంలో ఉండే టైటానియం ఆక్సైడ్ వెలుగుని మింగేయడం వల్ల అది. ఆర్ద్రలో హైడ్రోజన్ లేక కాదండోయ్, అది చల్లటి నక్షత్రం కాబట్టి. వేడిని బట్టి ఈ గీతలెందుకు మారతాయో మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లోనే లెక్కగట్టాడు, అది డాబా మీద నిలబడి మనమే చూడ్డం మామూలు విషయమా. సిటీ లైట్లున్నా బాగా వెలిగే నక్షత్రాలకి ఇబ్బందేం లేదు.

విసిగించేది ఫోకస్. చుక్కకి ఫోకస్ చేస్తే పట్టీ మసకేస్తుంది, గీతలు చూసుకుంటూ చేయాలి, పైగా పట్టీ అడ్డంగా పిక్సెల్ వరసల వెంట వచ్చేలా రింగు తిప్పుకోవాలి. సెన్సర్‌కి 50 మిల్లీమీటర్ల దూరం, 3.75 మైక్రాన్ల పిక్సెల్ అయితే పట్టీలో ఒక్కో పిక్సెల్‌కి ముప్పావు నానోమీటర్ పడుతుంది. వెలుగుని సన్నటి గీతగా లోపలికి పంపే చీలిక (స్లిట్) దీనికి లేదు కాబట్టి పైన గాలి కదిలి చుక్క వణికితే గీతలూ అలుక్కుపోతాయి, చుక్కలు గుంపుగా ఉన్నచోట పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

అతిగా ఆశపడొద్దు. మన హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1957లో అమెరికా శాస్త్రవేత్త విల్సన్‌తో కలిసి కాల్షియం గీత వెడల్పుని బట్టి నక్షత్రం అసలు వెలుగు చెప్పొచ్చని చూపించాడే, అంత సన్నటి వివరం దీనికి అందదు. సోడియం జంట గీతలూ ఒక్కటిగానే కనపడతాయి. అదే త్రీ సీ 273 అనే క్వేజార్‌కైతే, అంటే చాలా దూరంలోని గెలాక్సీ నడిబొడ్డున వెలిగే చుక్కకైతే, ఎరుపు జరుగుడు (గీతలు ఎరుపు వైపు జరగడం, రెడ్‌షిఫ్ట్) 0.158, అంటే 656 నానోమీటర్ల దగ్గరుండాల్సిన హైడ్రోజన్ గీత 760 దాకా పోతుంది, అంత పెద్ద జరుగుడు కాబట్టి దీంతోనే పట్టినవాళ్ళున్నారు. 

పట్టీ ఫొటోని గ్రాఫ్‌గా మార్చే ఆర్‌స్పెక్ సాఫ్ట్‌వేర్ ఖర్చు వేరే. కెమెరా లేకపోతే మాత్రం ఇప్పుడే కొనకండి, ఐపీస్‌లో రంగులైతే కనపడతాయి గానీ గీతలు పట్టడం కష్టం.