రొయ్యల గుంట కట్ట మీద ప్లాస్టిక్ బ్లాకుల గది: ఐదు ఎండాకాలాల వాడకం తర్వాత

కౌలు గుంట కట్ట మీద కాపలా గదికీ, మేత గదికీ ఈ బ్లాకులు పనికొస్తాయి. పిల్లాపాపలతో కాపురముండే ఇంటికి వద్దు. వానకూ తుపానుకూ జడిసి వీటిని వదులుకోనక్కర్లేదు. వీటికి అసలు గండం ఎండ. ఎండకు గోడ సాగేందుకు చోటు వదిలి కడితే గది నిలుస్తుంది. వదలకపోతే మొదటి వేసవికే గోడకు బొజ్జ వస్తుంది.

ఇక్కడ రాసిందంతా నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే గుంటల మీద 2021 ఫిబ్రవరిలో నిలబెట్టిన గది గురించి. పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మేస్త్రీల భాషలో పన్నెండు పది. ఎత్తు 8 అడుగులు, పైన రేకులు. బ్లాకు 400 మి.మీ. పొడవు, 150 వెడల్పు, 200 ఎత్తు. లోపల రెండు బోలు గదులు, పైన నాలుగు బొడిపెలు, అడుగున వాటికి సరిపడే గుంతలు, ఒక కొనకు నాలుక, రెండో కొనకు గాడి. పాత డబ్బాలు, క్రేట్లు కరిగించి పోసిన సరుకు. ఒక్కోటి మూడు కేజీల లోపు. సిమెంటు, ఇసుక, నీళ్ళు అక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి నొక్కడమే.

ఈ నేలలో ఇటుక గోడ సంగతి అందరికీ తెలిసిందే. చవుడు కింద నుంచి పైకి పాకి, రెండు మూడేళ్ళలో నేల నుంచి అడుగున్నర ఎత్తు దాకా ప్లాస్టరింగ్ ఉబ్బి, ఇటుక పొడిగా రాలుతుంది. ప్లాస్టిక్‌కు ఆ జబ్బు లేదు. ఐదేళ్ళకూ కింది వరస కొత్తగానే ఉంది. రెండోది, నేల కౌలుది. కౌలు ముగిశాక ఇటుక గోడ భూమి ఆసామికి పోతుంది, ఇది విప్పుకుని పోవచ్చు. మూడోది మోత. ఇదే గదికి తొమ్మిదంగుళాల ఇటుక గోడ కడితే 12 టన్నుల దాకా బరువు. వానాకాలంలో కట్ట మీదికి ట్రాక్టరు దిగబడకుండా రాదు. బ్లాకులన్నీ కలిపి ఒక టన్ను. చిన్న ట్రక్కుకు రెండు ట్రిప్పులు, రోడ్డు నుంచి చేతికొకటి పట్టుకుని నడిచి రావడమే.

సామాను లెక్క: చుట్టూరా వరసకు సుమారు 32 బ్లాకులు, 12 వరసలు, మొత్తం 384. తలుపుకు 22, రెండు కిటికీలకు 20 తీసేస్తే 342. విరిగేవి, పక్కన పెట్టుకునేవి కలుపుకుని 360 తెచ్చుకోవాలి. అరబ్లాకులు విడిగా అడగాలి, లేకపోతే తలుపు పక్కన రంపం పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. కోసిన బ్లాకుకు నాలుక ఉండదు, అది వదులుగానే ఉంటుంది.

పునాది దగ్గర పిసినారితనం పనికిరాదు. గోడ తేలిక కాబట్టి పునాది కూడా తేలికగా చాలుననే మాట అమ్మేవాళ్ళు చెబుతారు. లెక్క తిరగబడి ఉంటుంది. నెల్లూరు తీరానికి కట్టడాల భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద ఒత్తిడి దాదాపు 150 కేజీలు. చూరుతో కలిపి రేకులు 15 చదరపు మీటర్లు. పైకి లాగే బలం రెండు టన్నులు దాటుతుంది. గోడలూ రేకులూ అన్నీ కలిపినా ఒకటిన్నర టన్ను లేదు. గది ఎగిరిపోకుండా పట్టుకోవాల్సింది పునాదే. అందుకే చుట్టూ అడుగు వెడల్పు, అడుగు లోతు కాంక్రీటు దూలం: నాలుగు 12 మి.మీ. కమ్మీలు, 6 అంగుళాలకొక 8 మి.మీ. రింగు. ఇదొక్కటే 2.8 టన్నుల పైన తూగుతుంది. అడుగున నాలుగంగుళాల బెడ్డుతో కలిపి సిమెంటు 12 బస్తాలు పట్టింది. నేల గచ్చు దీనికి అదనం.

దూలంలో, పోసేటప్పుడే, కింద వంచిన 12 మి.మీ. మరకడ్డీలు (నట్టు ఎక్కేలా మర తీసిన ఇనుప కడ్డీలు) 12 చోట్ల నిలబెట్టాలి. నాలుగు మూలలు, తలుపుకు అటూ ఇటూ, ఒక్కో కిటికీకి అటూ ఇటూ, పొడవాటి గోడల మధ్యలో ఒక్కోటి. కడ్డీ బ్లాకు బోలులోంచి పైదాకా పోయి, గోడ నెత్తిన గాడి ఆకారపు ఇనుప ఛానెల్‌ను పట్టి బిగిస్తుంది. కడ్డీ చోటు అర అంగుళం తప్పినా బ్లాకు దిగదు. రెండు వరసలు ఉత్తినే పేర్చి చూసి, గుర్తు పెట్టి, అప్పుడు కాంక్రీటు పోసుకోవాలి.

మొదటి వరస మీద సగం రోజు పెట్టినా తక్కువే. ఇటుక గోడలో బేల్దారి మట్టం తప్పినా సున్నమో సిమెంటో రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తక్కువ చేసి సర్దుకుంటాడు. ఇక్కడ సర్దే పొర లేదు. దూలం నెత్తి 150 మి.మీ. వెడల్పులో 2 మి.మీ. బయటికి వాలితే, 8 అడుగుల ఎత్తుకు వెళ్ళేసరికి గోడ 32 మి.మీ. ఒరుగుతుంది. నీళ్ళ పైపుతో నాలుగు మూలలూ మట్టం చూసి, రసమట్టం అడ్డంగా కూడా పెట్టి చూడాలి. దూలం ఎండాక ఎత్తుగా ఉన్నచోట గ్రైండర్ పట్టించి దించాలి. బ్లాకు కింద రేకు ముక్కలు దోపడం మంచిది కాదు, ఆరు నెలల్లో ఆ ముక్క అంచున బ్లాకు నొక్కుకుపోతుంది.

అసలు విషయం ఇక్కడుంది. ఈ జాతి ప్లాస్టిక్ వేడికి కాంక్రీటు కన్నా పది రెట్లకు పైగా సాగుతుంది. జనవరి తెల్లవారుజామున గోడ 20 డిగ్రీలుంటే, మే నెల మూడు గంటలకు పడమటి గోడ పైపొర 60 దగ్గరికి పోతుంది. ఆ 40 డిగ్రీల తేడాకు 3.6 మీటర్ల గోడ, పూర్తిగా వదిలేస్తే, సుమారు 20 మి.మీ. పెరుగుతుంది. అదే పొడవు కాంక్రీటు పెరిగేది ఒకటిన్నర మిల్లీమీటరు. అతుకుల్లో ఉండే వదులు కొంత మింగుతుంది, మిగతాది ఎక్కడికీ పోలేక గోడ బయటికి వంగుతుంది. వంపు లెక్క కాస్త భయపెట్టేలా ఉంటుంది: ఆ పొడవుకు ఒక్క మిల్లీమీటరు చోటు తక్కువైనా, మధ్యలో 35 మి.మీ. పైనే బొజ్జ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇవి పగలవు గానీ ఉబ్బుతాయి. మొదటి వేసవి పడమటి గోడకు జరిగింది అదే. రాత్రికి తిరిగి చక్కబడింది, పూర్తిగా కాదు.

మందు ఏమిటంటే, 8 అడుగులు దాటిన ఏ గోడా ఏకాండీగా పోకూడదు. మధ్యలో నిలువు ఇనుప ఛానెల్ నిలబెట్టి, రెండు వైపుల బ్లాకుల కొనలు అందులోకి జారేలా పెట్టి, ఒక్కో వైపు 10 మి.మీ. ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో మెత్తని ఫోమ్ పట్టీ. తలుపు, కిటికీ చట్రాలకు ఒక పక్కే బోల్టు, రెండో పక్క ఖాళీ. రెండు పక్కలా బిగిస్తే మధ్యాహ్నం తలుపు పడదు, తెల్లారితే గొళ్ళెం అందదు.

నిలువు కడ్డీలదీ ఇదే గొడవ. 40 డిగ్రీలకు 2.4 మీటర్ల గోడ 13 మి.మీ. పైకి పెరుగుతుంటే, ఇనుప కడ్డీ ఒక్క మిల్లీమీటరే పెరుగుతుంది. మధ్యాహ్నం కడ్డీ గోడను పిండుతుంది. వేడెక్కిన ప్లాస్టిక్ ఆ పిండుడుకు మెల్లగా లొంగిపోతుంది, మళ్ళీ లేవదు. చలికాలం వచ్చేసరికి నట్టు చేత్తో తిరుగుతుంది, సరిగ్గా తుపాన్ల వేళకు! మొదటి ఏడాది నవంబరులో ఒక్కో నట్టు మూడు చుట్లు తిరిగింది. ఆ తర్వాత ఛానెల్ మీద 3 అంగుళాల చదరపు పట్టీ, దాని మీద లారీ స్ప్రింగులకు వేసే రబ్బరు బుష్‌లు రెండు, ఆ పైన నట్టూ దానిపై ఇంకో నట్టూ వేశాక అర చుట్టు కూడా తిరగడం లేదు. అయినా ఏటా దసరా వెళ్ళాక ఒకసారి స్పానర్ పెట్టి చూసుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఇటు నుంచే పైకి పోయింది. గది కదల్లేదు, రేకు అంచు ఒకటి లేచింది.

కడ్డీల్లో తళతళలాడే పలుచటి జింకు పూతవి కొనొద్దు. ఉప్పు గాలికి మూడేళ్ళలో మరలు తినేసి నట్టు కదలదు. కరిగిన జింకులో ముంచి తీసినవి, మందంగా, మసక బూడిద రంగులో ఉండేవి తీసుకుని పైకొనకు గ్రీజు పూసి టోపీ వేయాలి.

బోలులో ఇసుక పోస్తే చల్లగా ఉంటుందని, బరువొస్తుందని సలహా వినిపిస్తుంది. పోయకండి. రాత్రి గోడ కుదించుకున్నప్పుడు అతుకు తెరుచుకుంటుంది, ఇసుక అందులోకి జారుతుంది, పగలు అతుకు మూసుకోలేదు. రోజుకో రేణువు చొప్పున గోడ పొడవు పెరుగుతూ పోతుంది. బరువు కావాలంటే కింది రెండు వరసల్లోనే, ఒక్కో బోలును విడివిడిగా, నాసి కాంక్రీటుతో నింపొచ్చు. ఊక నింపడం మరీ ప్రమాదం, ఎలుకలకు పండగ, నిప్పుకు తిండి.

వాన గోడలోంచి రాదు, అతుకుల్లోంచి వస్తుంది. మామూలు వానకు చుక్క పడదు. ఈశాన్య గాలితో జల్లు కొట్టినప్పుడే లోపల తడి. సిలికాన్ పూస్తే ఈ ప్లాస్టిక్‌కు అంటదు, ఎండిన గోరింటాకులా ఊడొస్తుంది. పేర్చేటప్పుడే నిలువు అతుకుల్లో బ్యూటైల్ టేపు (జిగురుండే మెత్తటి రబ్బరు పట్టీ) పెట్టడం, చూరు రెండు అడుగులు వదలడం, కింది వరస బయటి వైపు రెండడుగులకొక 6 మి.మీ. రంధ్రం కొట్టడం, ఈ మూడూ చేస్తే చాలు. ఆ రంధ్రాల్లోంచి లోపలి నీళ్ళు కారిపోతాయి. కట్ట మునిగినప్పుడు బయటి నీళ్ళు లోపలికీ వస్తాయి, అదీ మంచిదే. ఈ సరుకు నీటి మీద తేలే సరుకు, బోలులో గాలి బిగిసి ఉంటే గోడ లేవడానికి చూస్తుంది.

గోడ తడి పీల్చదు కాబట్టి లోపలి ఆవిరికి దారి లేదు. కార్తీక మాసపు తెల్లవారుజామున రేకులూ గోడలూ చెమటలు కక్కుతాయి. మేత బస్తా గోడకు ఆనితే బూజే. చూరు కింద నాలుగు పక్కలా జాలీ పెట్టాలి. బస్తాలు చెక్క బల్ల మీద, గోడకు అడుగు దూరంలో ఉండాలి. దానికి ఇంకో కారణం కూడా ఉంది: 25 కేజీల బస్తాలు పది వరసలు గోడకు చేరగిలబెడితే ఒక్క వేసవిలో గోడ అంగుళం బయటికి పోయి అలాగే ఉండిపోతుంది.

ఎండ పైతోలును కూడా తింటుంది. మూడో ఏడు పడమటి గోడ మీద చెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటింది, నాలుక అంచులు గోరుతో గిల్లితే పెళుసుగా విరిగాయి. ఉత్తరపు గోడ శుభ్రంగా ఉంది. నల్ల బ్లాకులు, అంటే మసి కలిపినవి, ఎండకు బాగా ఆగుతాయి గానీ ఎక్కువ వేడెక్కుతాయి. రంగు వేద్దామంటే ఎమల్షన్ అయినా ఎనామిల్ అయినా ఏడాదిలోపే పొరలుగా లేస్తుంది. కోడి జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేసిన చోట మొదటి మే నెలకే నెర్రెలిచ్చింది. కింద పది రెట్లు సాగే గోడ ఉంటే పైన సిమెంటు ఏం చేస్తుంది? చివరికి పనిచేసింది కొబ్బరి మట్టల తడిక. పడమరకూ దక్షిణానికీ గోడకు ఆరంగుళాల దూరంలో కట్టి, మధ్యలో గాలి ఆడనివ్వడం. గోడ పట్టుకుంటే తేడా అరచేతికే తెలుస్తుంది. రెండేళ్ళకోసారి మార్చుకోవాలి, ఖర్చు లెక్కలోకి రాదు.

పగలు పదకొండుకల్లా గది వేడెక్కుతుంది, అందులో దాచడానికేం లేదు. కానీ ఇటుక గోడలా రాత్రంతా సెగ కక్కదు, ఎనిమిదికల్లా చల్లబడుతుంది. రాత్రి కాపలాకు అదే కావాలి. చల్లబడేటప్పుడు ఓ గంట గోడలు టక్ టక్‌మంటాయి. కొత్తవాళ్ళు ఎవరో వచ్చారని లేచి చూస్తారు.

నిప్పు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అంటుకుంటే మండే చుక్కలుగా కారుతుంది. దోమల చక్రం, అగరుబత్తి గోడకు తగిలితే నల్లటి గుంట. పొయ్యి, స్టవ్ గది బయటే. వైర్లు పీవీసీ గొట్టంలో, స్విచ్ బోర్డు వెనక సిమెంటు షీటు, గుంట నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల లైను విడిగా, కరెంటు లీకైతే లైను ఆపేసే ఈఎల్‌సీబీ తప్పనిసరి. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఒక కిటికీకి కమ్మీలు ఉండకూడదు. కొలంబియాలోని కొన్సెప్టోస్ ప్లాస్టికోస్ సంస్థ, యునిసెఫ్‌తో కలిసి కోట్‌దివార్‌లో ఇలాంటి ఇటుకలతో బడి గదులు కట్టింది. ఆ ఫొటోలు చూపించి ఇక్కడ ఇళ్ళకు అమ్మేవాళ్ళుంటారు. వాళ్ళను ఈ సరుకుకు నిప్పు పరీక్ష కాగితం అడగండి, కొత్త రకం కట్టడపు సరుకు పనితీరు చూసి కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ ఇచ్చే పీఏసీఎస్ సర్టిఫికెట్ అడగండి. లేదంటే మనిషి కాపురముండే గదికి వాడకండి. స్లాబు మాట అసలే ఎత్తొద్దు.

గోడకు స్క్రూ బిగిస్తే ఆరు నెలలకు వదులవుతుంది. అరలు కావాలంటే అటునుంచి ఇటు బోల్టు వేసి, రెండు వైపులా వెడల్పు వాషర్లు పెట్టాలి. ఫ్యాను రేకుల ఫ్రేముకే. బోలులో చీమలు, జెర్రులు చేరతాయి. పైవరస నోళ్ళు ఛానెల్‌తో పూర్తిగా మూయకపోతే తేనెటీగలు కూడా.

కొనేటప్పుడు ధర బ్లాకు లెక్కన కాదు, కేజీ లెక్కన అడగాలి. బోలు గోడ పలుచన చేసి చవగ్గా ఇస్తారు. లోడులోంచి పది బ్లాకులు ఏరి తూకం వేస్తే తేడా తెలిసిపోతుంది. పది వరసగా పేర్చి కొలిస్తే 4 మీటర్లకు 3 మి.మీ. మించి తేడా ఉండకూడదు. ఒకదాన్ని అడ్డంగా కోయించి చూడండి, లోపల బుడగలుంటే వద్దు. కోసిన తునక నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే పీవీసీ, పెట్ లాంటివో, సుద్దపొడో ఎక్కువ కలిసినట్టే. మొత్తం ఖర్చు సిమెంటు ఇటుక గదికన్నా ఎక్కువే పడుతుంది. మిగిలేది మోత కూలి, మేస్త్రీ కూలి, మళ్ళీ కట్టుకునే అవకాశం.

ఆ మళ్ళీ కట్టడం కూడా ఒకసారి అయింది. బ్లాకులకు వరస, అంకె మార్కరుతో రాసుకుని, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఎండెక్కితే అతుకులు బిగిసి సుత్తి పట్టాల్సి వస్తుంది, అక్కడే నాలుకలు విరుగుతాయి. విరిగినవి తొమ్మిది. చిన్న చీలికలను వేడిగాలి గన్నుతో, అదే బ్లాకు తునకను కరిగించి అతకొచ్చు. తిరిగి కట్టేటప్పుడు పడమటి గోడ బ్లాకుల్ని ఉత్తరానికీ, ఉత్తరానివి పడమరకూ మార్చి పేర్చాలి. కౌలు మారినా మారకపోయినా పది బ్లాకులు నీడలో దాచి ఉంచండి, ఎండలో పడేస్తే అవసరానికి అవే ముందు విరుగుతాయి.