అవలాంచ్ (మంచు చరియల) కోర్సు చేసొచ్చాను: పెట్టిన డబ్బుకు గిట్టుబాటేనా?

పోయినేడాది ఏప్రిల్‌లో మేం రెండు కుటుంబాలవాళ్ళం గ్రానైట్ మౌంటెన్ ఎక్కడానికి బయల్దేరాం. సియాటిల్ నుంచి ఐ-90 మీద స్నోక్వాల్మీ పాస్ వైపు వెళ్తే ఎగ్జిట్ 47 దగ్గర మొదలవుతుంది ట్రెయిల్. కింద మంచి ఎండ, దారిలో ఎక్కడా మంచు లేదు, అందరి కాళ్ళకూ మామూలు స్పోర్ట్స్ షూసే. చాలా పైకి వెళ్ళాక అడవి మధ్యలో చెట్లు లేని వెడల్పాటి గాడి ఒకటి వచ్చింది, దాని నిండా మంచు. "ఇక్కడ వ్యూ బాగుంది వదినా" అంటే అక్కడే కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. అప్పటికి పన్నెండు దాటింది. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ వస్తుంటే పిల్లలు కేరింతలు కొడుతూ పట్టుకుంటున్నారు. కిందికి దిగుతున్న ఒక పెద్దాయన ఆగి, తినడం తర్వాత, ముందు చెట్లలోకి నడవండి అని కాస్త కసురుకున్నాడు. చెట్లు అక్కడ ఎందుకు లేవో మాలో ఒక్కరికీ తట్టలేదు.

అది తెలుసుకుందామనే ఈ ఫిబ్రవరిలో ఏఐఏఆర్ఈ అనే అమెరికన్ అవలాంచ్ శిక్షణ సంస్థ వాళ్ళ లెవెల్ 1 కోర్సులో చేరాను. మూడు రోజులు, మొత్తం 24 గంటలు. ఒకరోజు క్లాసు, రెండు రోజులు మంచులో. నేర్పిన గైడ్ కంపెనీ పేరు రాయను, ఎవరి దగ్గర చేరినా సిలబస్ ఒకటే. ఫీజు ఐదు వందల డాలర్లు దాటింది, పరికరాల అద్దె వేరే. నాకు స్కీయింగ్ రాదు, మంచులో కాలు దిగబడకుండా బూట్లకు తొడిగే స్నోషూలతో వెళ్ళాను. స్కీయర్ల మధ్య వెనకబడతానేమోనని టెన్షన్ పడ్డాను కానీ, ఎక్కేటప్పుడు వాళ్ళూ ఆయాసపడేవాళ్ళే.

నాకు బాగా పనికొచ్చింది వాలు కొలవడం. పలకలుగా విరిగి జారే మంచు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే కదులుతుంది. కంటితో అంచనా వేయండి అన్నారు. చిన్నప్పుడు కోరుకొండ నరసింహస్వామి మెట్లెక్కిన ధైర్యంతో నేను 40 అన్నాను. ఫోన్ పెట్టి కొలిస్తే 29. ఇంట్లో కూర్చుని చూసుకోవాలంటే కాల్‌టోపో మ్యాప్‌లో వాలుకు రంగులుంటాయి: 27 డిగ్రీల నుంచి పసుపు, తర్వాత నారింజ, 35 దాటితే ఎరుపు. అసలు సంగతి ఏమిటంటే, మనం నిలబడిన చోటు చదునుగా ఉన్నా లాభం లేదు, తలెత్తితే పైన ఎరుపు ఉండకూడదు. ఆ రాత్రి గ్రానైట్ మ్యాప్ తెరిచి చూశాను. చరియలు పడీ పడీ చెట్లను ఊడ్చేసిన గాడిలో కూర్చుని మేం పులిహోర తిన్నాం.

ఇక మంచులో కూరుకుపోయినవాళ్ళను వెతకడం. సంచిలో బీకన్ (సిగ్నల్ పంపే, పట్టుకునే చిన్న రేడియో పరికరం) పెట్టి మంచులో పూడ్చేస్తారు. మన చేతిలోని బీకన్ తెర మీద బాణం, కింద ఒక అంకె, అంటే సుమారుగా ఎన్ని మీటర్ల దూరమో. నడుస్తుంటే 32, 25, 14 అని తగ్గుతుంది. మూడుకు వచ్చాక వంగి బీకన్‌ని మంచుకు ఆనించి మెల్లగా జరపాలి, తర్వాత పొడవాటి కడ్డీతో గుచ్చాలి. సంచికి తగిలినప్పుడు కడ్డీ మెత్తగా వెనక్కి తన్నింది, ఆ స్పర్శ చేతికి ఇంకా గుర్తుంది. పారతో తవ్వి తీసేసరికి పదకొండు నిమిషాలు. పావుగంటలోపు తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. బీకన్ పక్కన ఫోన్ ఉంటే సిగ్నల్ చెడుతుంది కాబట్టి మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. నేనేమో అప్పటిదాకా రెండూ ఒకే జేబులో పెట్టుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. నాకిచ్చిన అద్దె బీకన్ ఆన్ చేస్తే బ్యాటరీ 38 శాతం చూపించింది. అడగ్గానే మార్చారు, కానీ అడగాల్సి రావడమే నాకు నచ్చలేదు. ఇంకో కొరత, చలికాలపు మంచు గురించే అంతా చెప్పి వసంతాన్ని అరగంటలో చుట్టేశారు. మనలాంటి హైకర్లు కొండ మీద కనిపించేది ఏప్రిల్, మే నెలల్లోనే కదా! నేను లంచ్‌లో గైడ్‌ని పట్టుకుని అడిగి రాసుకున్నాను. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు గట్టిపడుతుంది. మబ్బు దుప్పటిలా కప్పితే వేడి పైకి పోదు, మంచు సరిగా గడ్డకట్టదు. పొద్దున ఎండ ముందు తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, చివర పడమరను మెత్తబరుస్తుంది. పై పొర కల్లుప్పులా గరగరలాడే కాసేపే స్కీయర్లకు పండగ. కాలు చీలమండ దాకా దిగబడుతోందంటే, ఉండలు దొర్లుతున్నాయంటే, ఆలస్యమైపోయినట్టే.

నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్ ఉచితమే, రోజూ చదవచ్చు. ప్రమాదం ఎంతో చెప్పే అయిదు మెట్లలో మూడోది, కన్సిడరబుల్, చూసి "మధ్యస్తమేగా" అనుకోకండి, ఆ రోజుల్లోనూ చాలామంది పోతున్నారు. రోజువారీ ఫోర్‌కాస్ట్ ఏప్రిల్‌తో ఆగిపోతుంది. కొండ మీద మంచు మాత్రం ఆగదు.

ఈ ఏప్రిల్‌లో మా ఆయనా నేనూ మళ్ళీ గ్రానైట్‌కి వెళ్ళాం. తెల్లవారుజామున అయిదింటికి నడక మొదలుపెట్టాం. రాత్రంతా మబ్బే. ఏడున్నరకి గాడి అంచున అడుగు పెడితే కాలు చీలమండ దాటి దిగింది. "ఇంత దూరం వచ్చి..." అని ఆయన సణుగుతూనే వెనక్కి తిరిగారు. పులిహోర కార్లో తిన్నాం.

హైకర్లయినా సరే, చేరండి. స్నోషూలు మాత్రం ముందే అలవాటు చేసుకుని వెళ్ళండి. రెస్క్యూ మీద పూర్తిగా ఒకరోజు కోర్సు వేరే ఉంది, వచ్చే చలికాలం దానికి వెళ్తాను, ఈసారి బీకన్ సొంతంగా కొనుక్కుని.