పెలోటాస్: ఉప్పు మాంసం ఊళ్లో పచ్చసొన మిఠాయిలు

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం నుంచి పెలోటాస్ ఊరు దాదాపు 260 కిలోమీటర్లు. బస్సు నాలుగు గంటల్లోపే దింపింది, సీట్లూ బాగున్నాయి. ఇబ్బందంతా బసతోనే. ఊరి మధ్య, కర్నల్ పెద్రో ఒజోరియో కూడలి దగ్గర పాత మేడలో గది దొరికిందని సంబరపడ్డాను. తీరా చూస్తే హీటర్ లేదు. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు. బ్రెజిల్ దక్షిణాన జూలై అంటే గట్టి చలికాలం, ముందే కనుక్కోండి.

అందరిలాగే నేనూ ముందు పాత మార్కెట్‌లోకి వెళ్లి మిఠాయిలు తిన్నాను. మీరు మాత్రం ముందు వాగు ఒడ్డునున్న సావో జోవావ్ షార్కియాడా చూడండి. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనం చేత గొడ్డు మాంసం కోయించి, ఉప్పు పట్టించి ఎండబెట్టించిన చోటు అది. ఆ మాంసం ఓడల్లో ఈశాన్యంలోని చెరకు తోటలకు వెళ్లేది, అక్కడి బానిసల తిండికి. తిరిగొచ్చేటప్పుడు అవే ఓడల్లో పంచదార వచ్చేది. చెరకుకు పేరులేని ఈ ఊరు మిఠాయిల ఊరు ఎలా అయిందో నాకు అక్కడే తెలిసింది. ఆ వాకిట్లో చాలాసేపు మాట రాలేదు.

ఊళ్లో 1878 నాటి భవంతిలో మిఠాయి మ్యూజియం ఉంది, విశ్వవిద్యాలయం వాళ్లు నడుపుతున్నారు. గంట చాలు.

ఇక కింజిం. గుడ్డు పచ్చసొన, పంచదార, కొబ్బరి, అంతే. పోర్చుగల్ మఠాల్లో తెల్లసొన బట్టల గంజికి పోగా మిగిలిన పచ్చసొనతో మిఠాయిలు చేసేవారు. అక్కడి బాదం స్థానంలో ఇక్కడ కొబ్బరి చేరింది. అచ్చులో ఉడికేటప్పుడు కొబ్బరి పైకి తేలుతుంది. బోర్లిస్తే అదే అడుగవుతుంది, పైన పసుపు పొర అద్దంలా మెరుస్తుంది. పళ్ల కింద కొబ్బరి కరకరలాడితే మా అమ్మ చేసే కొబ్బరి లౌజు గుర్తొచ్చింది. కాకపోతే ఇది ఇంకా తీపి, రెండోది తినలేం.

పెళ్లిళ్లలో అతిథులకు పంచేది బెం కసాదో, అంటే చక్కగా జతకుదిరినవాళ్లు. రెండు చిన్న కేకుల మధ్య తీపి ముద్ద పెడతారు. 2018లో ప్రభుత్వం ఈ ప్రాంతపు మిఠాయి సంప్రదాయాన్ని జాతీయ వారసత్వంగా నమోదు చేసింది.

ఇంటికి తేవాలంటే కింజిం వద్దు, తొందరగా పాడవుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో చేసే పీచ్ పండు హల్వా, పెసెగాడా, కొనుక్కోండి. నేను తెచ్చింది హైదరాబాద్ చేరేదాకా చెక్కుచెదరలేదు.