సీడర్ కాటేజ్ గోడలకి ఆయిల్ స్టెయిన్: ఎనిమిది చలికాలాల తర్వాత

కెనడాలోని ఆంటారియోలో మస్కోకా వైపు మాకో చిన్న కాటేజ్ ఉంది, బయటి గోడలన్నీ వెస్టర్న్ రెడ్ సీడర్ అనే ఎర్రటి, మెత్తటి కలప పలకలు. 2017లో కొన్నప్పుడు వాటి మీద పాత ఓనర్ వేయించిన ఫినిష్ ఉండేది, వార్నిష్‌లా మెరుస్తూ పొర కట్టే రకం. దాన్నంతా తీసేసి, పొర కట్టకుండా చెక్కలోకి ఇంకిపోయే ఆయిల్ స్టెయిన్ వేశాం. ఇన్నాళ్లు ఆగి రాయడానికి కారణం ఉంది. మొదటి ఏడాది ఏది వేసినా బాగానే ఉంటుంది, అసలు సంగతి మళ్లీ పూత వేయాల్సిన రోజు తెలుస్తుంది.

బ్రాండ్ చెప్పడం లేదు, రెండు కంపెనీలవి వాడాం, పెద్ద తేడా కనిపించలేదు. షాపులో అడగాల్సింది పెనెట్రేటింగ్ ఆయిల్, సెమీ ట్రాన్స్‌పరెంట్. అంటే అందులో కొంచెం రంగు ఉంటుంది, చెక్క చారలు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. రంగే లేని క్లియర్ వద్దు, ఎండని ఆపేది ఆ రంగే.

పాత పొర ఎందుకు పాడైందో దక్షిణం గోడ దగ్గరే అర్థమైంది. చేత్తో లాగితే అరచేయంత పెచ్చులు ఊడొచ్చేవి. ఒక పెచ్చు వెనక్కి తిప్పి చూస్తే దానికి బూడిద రంగు నూగు అంటుకుని ఉంది, అదంతా చెక్క పీచే. ఆ పొర పట్టు వదల్లేదు, గట్టిగానే పట్టుకుంది, కానీ పట్టుకున్న చెక్కే కింద చచ్చిపోయింది. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు పారదర్శకమైన పొర దాటి లోపలికి వెళ్లి, చెక్క పీచుని కలిపి ఉంచే లిగ్నిన్‌ని విడగొట్టేస్తాయి. తర్వాత ఏ సందులోంచో నీళ్లు దూరతాయి, పొర వెనకే నిలిచిపోతాయి, చలికాలంలో గడ్డ కడతాయి. మన దగ్గర పడమటి ఎండ పడే టేకు తలుపుల మీద వార్నిష్ పెచ్చులూడేదీ చాలావరకు ఇందుకే.

చెక్క బూడిద రంగుకి తిరిగిందంటే కుళ్లిపోయిందని చాలామంది కంగారు పడతారు. ఏ పూతా లేకుండా వదిలేసినా సాఫ్ట్‌వుడ్, అంటే పైన్ లాంటి చెట్ల కలప, వందేళ్లకి సుమారు 6 మిల్లీమీటర్లు అరుగుతుందని అమెరికాలో మాడిసన్‌లో ఉన్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ వాళ్ల లెక్క. సీడర్ వాటిలోనూ మెత్తన కాబట్టి ఇంకొంచెం ఎక్కువ అరగొచ్చు, అయినా టెన్షన్ పడాల్సింది లేదు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి, మెత్తగా దిగితేనే పలక మార్చాలి.

మొత్తం పనిలో ఎక్కువ శ్రమ పాత పొర తీయడమే. పాత పూతని మెత్తబరిచే స్ట్రిప్పర్ మందు పూసి, మెత్తబడ్డాక గీకి, సోడియం పర్‌కార్బొనేట్ (ఒక రకం బ్లీచ్ పొడి) కలిపిన నీళ్లతో కడిగి, ఆ తర్వాత ఆక్సాలిక్ యాసిడ్ కొట్టాం. పాత ఇనుప మేకుల కింద నల్లటి చారలు కారి ఉండేవి, సీడర్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం ఇనుముతో కలిస్తే వచ్చే మరకలవి. ఆక్సాలిక్ నీళ్లు తగలగానే ఆ నలుపు కళ్లముందే పలచబడి, కింద నుంచి ఎర్రటి సీడర్ బయటికి రావడం చూస్తే పడ్డ కష్టమంతా మర్చిపోయాం. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, అది విషం. ఊడొచ్చిన మేకుల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొట్టించాం. ప్రెషర్ వాషర్ జోలికి వెళ్లకండి, సీడర్ పీచుపీచుగా లేచిపోతుంది. ఇల్లు 1990కి ముందుదైతే గీకడం మొదలుపెట్టే ముందు పాత రంగులో సీసం ఉందేమో పరీక్ష చేయించాలి.

సాండ్ పేపర్ 60, 80 నంబర్లు చాలు, అంతకన్నా నున్నగా చేస్తే నూనె ఇంకదు. ఇక్కడ మే, జూన్‌లలో పూత పెట్టుకోవద్దు, ముసిరే నల్ల ఈగలూ, పైన్ చెట్ల పసుపు పుప్పొడీ తడి నూనె మీద అతుక్కుపోతాయి. మేం ఆగస్టు చివర్లో చేశాం. చెక్కలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్‌లో 15 శాతం లోపు వచ్చేదాకా ఆగాం, ఎండ గోడ దాటి నీడ వచ్చాకే బ్రష్ పట్టాం. పలకల కోసిన చివర్లకి మాత్రం తాగినంత పట్టించాలి, నీళ్లు ఎక్కువగా పీల్చేవి అవే. ఇంకకుండా మిగిలిన నూనెని పావుగంటలో గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిడ్డు మరకలు నెలలపాటు అలాగే ఉండిపోతాయి.

ఆ గుడ్డల సంగతి మర్చిపోవద్దు. ఇలాంటి స్టెయిన్‌లలో ఉండే లిన్‌సీడ్ (అవిసె) నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా పడేసిన గుడ్డలు ఎవరూ అంటించకుండానే అంటుకుంటాయి. మా బావమరిది పని అవగానే వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టేవాడు. చుట్టూ అడవి ఉన్నచోట ఇందులో రాజీ లేదు.

ఇక ఫలితం. దక్షిణం గోడకి మూడేళ్లకోసారి పూత కావాల్సి వస్తోంది, 2020లో ఒకసారి, 2023లో ఒకసారి వేశాం. ఉత్తరం గోడ ఆరేళ్లు ఆగింది. నీళ్లు చల్లితే బొట్లుగా నిలవకుండా ఇంకిపోతున్నాయంటే టైమ్ వచ్చినట్టే. నాకు నచ్చింది అప్పుడు చేయాల్సిన పని: మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరనిచ్చి, ఒక్క కోటు, అంతే. పెచ్చు లేదు, గీకుడు లేదు, ఒక గోడ వారాంతంలో అయిపోతుంది. పొర కట్టే రకం ఇంకొన్నేళ్లు ఎక్కువ మెరుస్తుందేమో, కానీ పాడైన రోజు మళ్లీ మొదటికొస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ప్రతి కోటుకీ రంగు ముదురుతుంది, మొదట్లో ఉన్న తేనె రంగు ఇప్పుడు లేదు. చెట్ల నీడ పడే ఉత్తరం వైపు చూరు కింద నల్లటి బూజు వస్తుంది, ఏటా కడగాల్సిందే. గరుకు పలకలు డబ్బా మీద రాసిన లెక్కకి దాదాపు రెట్టింపు తాగేశాయి, మీవీ అలాంటివైతే ముందే ఎక్కువ కొనుక్కోండి, మధ్యలో అయిపోతే వేరే బ్యాచ్ రంగు కలవదు. వడ్రంగి పిట్టలు పొడిచే బెజ్జాలకి ఇది మందు కాదు.

మీ గోడల మీద ఇప్పటికే అక్రిలిక్ పెయింట్ ఉండి, దాన్ని తీసే ఓపిక లేకపోతే మాత్రం ఈ స్టెయిన్ కొనొద్దు. నూనె లోపలికి దిగే దారే ఉండదు, పైన జిడ్డుగా ఉండిపోతుంది. అలాంటి గోడలకి ఊడేవి గీకి మళ్లీ అక్రిలిక్కే వేయించుకోవడం మంచిది.