కాచిన నీళ్లా, క్యాన్ నీళ్లా?

హన్మకొండలో ఏ గల్లీకి పోయినా 20 లీటర్ల క్యాన్ల ఆటో కనిపిస్తది. మామూలు ఇంటికి ఆ నీళ్లు సరే. సీడీ40 లైగాండ్ లోపంతో, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తి సరిగా పనిచేయని ఒక రకం హైపర్ ఐజీఎం జబ్బుతో పుట్టిన బాబు ఉంటే మాత్రం లెక్క వేరు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మనకు వారం, రెండు వారాల విరేచనాలతో పోతుంది. ఆ బాబుకైతే పిత్తనాళాల్లో చేరి కాలేయాన్నే పాడుచేయగలదు. దాని గట్టి పెంకు మీద మామూలు క్లోరిన్ పనిచేయదు.

క్యాన్ నీళ్లను వడకట్టే ఆర్‌ఓ పొర దాన్ని ఆపుతుంది, నిజమే. కానీ పొర బాగుందా, క్యాన్ కడిగారా అన్నది ఎవరు చూశారు?

కాచాలంటే గ్యాస్ ఖర్చు, చల్లారేదాకా ఆగాలి. అయినా బాగా మసిలాక ఇంకో నిమిషం ఉంచితే ఆ పరాన్నజీవి చస్తుంది. నా ఓటు పొయ్యికే, పళ్లు తోముకునే నీళ్లతో సహా.